కుర్చీలో లేని నిమిషం

ఆగండాగండి! అప్పుడే పేజీ తిప్పకండి. ఆ ఫోను కూడా కాసేపు బోర్లా పెట్టండి. ఇది వినకుండా వెళ్ళిపోయారంటే, ఊరిని రెండు ముక్కలు చేసిన గొడవని ఇద్దరు వియ్యపురాళ్ళు మరుగుదొడ్డికి వెళ్తూ వస్తూ ఎలా తేల్చేశారో మీకు జన్మలో తెలియదు.

ఊరి మధ్యలోంచి నది పోతుంది. నది మీద ఒక్కటే వంతెన. ఇటు ఒడ్డున బస్సు డిపో, బట్టల కొట్లు. అటు ఒడ్డున కూరగాయల మార్కెట్టు, ప్రసూతి ఆసుపత్రి. వంతెన మీద తోపుడుబళ్ళు పెట్టుకునే హక్కు ఏ ఒడ్డువాళ్ళదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరిదో బండి నదిలో పడింది. ఆ తర్వాత రాళ్ళు లేచాయి, ఆ తర్వాత నిప్పు లేచింది. అన్నీ చల్లారాక చూస్తే వంతెన నడిబొడ్డున ఓ ఇనుప గేటు నిలబడి ఉంది. దానికి రెండు తాళాలు. ఒక తాళం చెవి ఇటు కాపలావాడి జేబులో, రెండోది అటు కాపలావాడి జేబులో. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప పిల్లి కూడా దాటడానికి లేదు. నిజానికి పిల్లి దాటేది, అది వేరే సంగతి.

ఈ గేటు వల్ల ఊళ్ళో అందరికీ ఏదో ఒక నష్టం ఉంది కానీ, కండక్టరమ్మకి మాత్రం కడుపుకోతలా ఉంది. ఆవిడ బస్సు ఒకప్పుడు వంతెన దాటి మార్కెట్టు దాకా వెళ్ళేది. ఇప్పుడు గేటు దాకా వెళ్ళి తోక ముడుచుకుని వెనక్కి తిరుగుతోంది. తిరిగే ముందు ప్రతిసారీ ఆవిడ మెట్టు మీద నిలబడి అవతలకి చూస్తుంది. అవతల వంతెన చివరే ఆసుపత్రి. ఆసుపత్రి మేడ మీద కుడివైపు చివరి కిటికీ. ఆ కిటికీ లోపల మంచం మీద ఆవిడ ఒక్కగానొక్క కూతురు చిట్టి. అటు ఒడ్డు పిల్లాణ్ణి చేసుకుంది, నెలలు నిండుతున్నాయి, బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు మంచం దిగొద్దంది.

రోజూ ఫోనులో ఒకటే మాట. "అమ్మా, కాన్పు టైముకి నువ్వు నా పక్కన ఉంటావు కదే?"

"ఎందుకుండనే! ఈ మగమహారాజులు మాట్లాడుకోవడం అయిపోనీ."

"మాట్లాడుకోవడం మొదలుపెట్టారా?"

"ఎక్కడ కూర్చుని మాట్లాడుకోవాలో మాట్లాడుకుంటున్నారే."

నిజంగా అలాగే ఉండేది పరిస్థితి. చివరికి ఊరి బయటినుంచి ఒక రిటైరైన జడ్జిగారిని మధ్యవర్తిగా పిలిచారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటారాయన. నిబంధన అంటే ప్రాణం. గేటు పక్కనే వంతెన మీదున్న పాత టోల్ ఆఫీసులో చర్చలన్నారు. మొదటిరోజు టీవీవాళ్ళు వచ్చారు. కెమెరాలు చూడగానే రెండు ఒడ్డుల పెద్దలకీ పూనకం వచ్చింది.

ఇటు ఒడ్డు పెద్దని ఛైర్మన్‌గారంటారు, అటు ఒడ్డు పెద్దని ప్రెసిడెంటుగారంటారు. దేనికి ఛైర్మనో, దేనికి ప్రెసిడెంటో అడిగితే ఇద్దరికీ కోపం.

జడ్జిగారు అడిగారు: "మీ బృందాల్లో మహిళలున్నారా?"

ఛైర్మన్‌గారు ఏమాత్రం తడుముకోకుండా, "ఎందుకు లేరండీ! మా తరఫున ఒక మహిళ ఉంటారు," అన్నారు. ప్రెసిడెంటుగారు ఊరుకుంటారా? "మా మహిళ ఊరికే ఉండటం కాదు, సభ్యురాలిగా ఉంటుంది." "అసలు మహిళలు లేకుండా చర్చే జరగకూడదంటాను నేను!" "జరగకూడదనడం కాదు, జరిగితే చెల్లకూడదంటాను!" "మహిళా సభ్యురాలు కుర్చీలో లేని ఒక్క నిమిషం కూడా చెల్లకూడదు!" "ఆ నిమిషంలో ఎవడేం మాట్లాడినా కొట్టేయాలి!"

చప్పట్లు. వేలంపాట ముగిసింది. జడ్జిగారు ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ రాసుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. కెమెరాలు వెళ్ళిపోయాక ఇద్దరికీ మత్తు దిగింది. సరే, పెట్టాం కదా, ఎవరిని పెడదాం?

ఇక్కడే వాళ్ళ తెలివంతా బయటపడింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకటైపోతే తమ పని గోవిందా అని ఇద్దరికీ విడివిడిగా భయం వేసింది. కాబట్టి ఎప్పటికీ కలవని ఇద్దరు కావాలి. ప్రెసిడెంటుగారు తమ ఒడ్డున బట్టలు కుట్టే టైలరమ్మని ఎంచుకున్నారు. అది వినగానే ఛైర్మన్‌గారు తొడ కొట్టుకుని లేచారు. "అయితే మన కండక్టరమ్మే! వాళ్ళిద్దరూ వియ్యపురాళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పలకరింపులు లేవు. ఒకళ్ళు అవునంటే రెండోవాళ్ళు కాదంటారు. మన పని మనం చూసుకోవచ్చు!"

డిపోకి వచ్చి ఎంతో వినయంగా అడిగారు. "మీరేం మాట్లాడక్కర్లేదమ్మా. కుర్చీలో కూర్చుంటే చాలు."

"నాది నిలబడే ఉద్యోగం సార్. కూర్చోవడం అలవాటు లేదు."

"అదే నేర్చుకుందురుగాని."

ఆవిడ ఒప్పుకుంది. ఆ వెధవ గేటు దగ్గర తన మాట కూడా ఒకటి ఉంటే చిట్టి దగ్గరికి ఒక రోజు ముందైనా వెళ్ళొచ్చన్న ఆశ.

మొదటి సమావేశం. పొడవాటి బల్ల, ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, తలవైపు జడ్జిగారు. బల్ల చివర ఎదురెదురుగా వియ్యపురాళ్ళు. టైలరమ్మ మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయింది. కండక్టరమ్మ ఫ్యాను చూసింది. టైలరమ్మ కిటికీ చూసింది. మగవాళ్ళు మాట్లాడుతున్నారు. గేటు ముందు ఎవరు తెరవాలి? మేం తెరిస్తే మేం తగ్గినట్టు. వాళ్ళు తెరిస్తే వాళ్ళు తగ్గినట్టు. ఇద్దరూ ఒకేసారి తెరిస్తే? ఒకేసారి అని ఎవరు లెక్కపెడతారు?

కండక్టరమ్మ చెయ్యెత్తింది. ఎవరూ చూడలేదు. మళ్ళీ ఎత్తింది.

ఛైర్మన్‌గారు చిరునవ్వుతో, "చివర్లో మీకు అవకాశం ఇస్తాం లెండమ్మా," అన్నారు.

"చివరి దాకా ఆగేట్టు లేదండీ."

"ఏం, అంత ముఖ్యమైన విషయమా?"

"నాకు చాలా ముఖ్యమేనండీ. ఆడవాళ్ళ బాత్రూము ఎటు?"

టోల్ ఆఫీసు కట్టినవాడికి ఈ లోకంలో ఆడవాళ్ళు అనేవాళ్ళుంటారని తెలిసినట్టు లేదు. ఉన్నది ఒక్కటే, దానికి తలుపు లేదు, గోడకి వరసగా తెల్లటి తొట్లు. కండక్టరమ్మ డిపో మనిషి. పొద్దున బండెక్కితే ఎక్కడ ఎంతసేపు ఉగ్గబట్టుకోవాలో ఒంటికి నేర్పించుకున్న మనిషి. ఆవిడే అడిగిందంటే మాటలు కాదు.

ఆవిడ లేచింది. సరిగ్గా అప్పుడే టైలరమ్మ కూడా లేచింది. పాపం, ఆవిడ ఇంకా ముందునుంచీ ఆపుకుంటోంది, వియ్యపురాలి ముందు అడగడం నామోషీ అని!

"సమావేశం ఆగింది," అన్నారు జడ్జిగారు, పెన్ను మూసేస్తూ.

"అదేంటండీ! ఆడవాళ్ళిద్దరూ అలా వెళ్ళొస్తారు, మనం మాట్లాడుకుందాం," అన్నారు ప్రెసిడెంటుగారు.

"కుర్చీలో లేని నిమిషం చెల్లదు. తమరి సంతకమే."

నమ్ముతారో లేదో, ఆ రోజంతా, మర్నాడంతా చర్చ దాని మీదే. ఆడవాళ్ళ మరుగుదొడ్లు ఉన్నవి రెండే: ఇటు వంతెన చివర డిపోలో ఒకటి, అటు వంతెన చివర ఆసుపత్రిలో ఒకటి. మా మహిళ మీ ఒడ్డుకి వస్తే మేం తగ్గినట్టు కాదా? మీ మహిళ మా ఒడ్డుకి రాకపోతే మమ్మల్ని అవమానించినట్టు కాదా? బల్లలు గుద్దుకున్నారు. ఒకాయన నీళ్ళ గ్లాసు పడేశాడు. చివరికి జడ్జిగారే తేల్చారు: ఒకరోజు ఇద్దరూ కలిసి డిపోకి, మర్నాడు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి. ఏ రోజుది ఆ రోజే, మార్పులు లేవు. కాపలావాళ్ళిద్దరూ గేటు తీసి వెంట వెళ్ళాలి. దానికి 'మధ్యంతర పారిశుధ్య ఒప్పందం' అని పేరు పెట్టారు. గొడవలు మొదలయ్యాక రెండు ఒడ్డులూ కలిసి సంతకం పెట్టిన మొట్టమొదటి కాగితం అది!

ఆ రోజు రాత్రి చిట్టి ఫోనులో నవ్వీ నవ్వీ చివరికి నర్సు చేత తిట్లు తింది.

"నవ్వితే నవ్వావు గానీ, రేపు ఆసుపత్రి రోజేనే," అంది కండక్టరమ్మ. "రేపు పొద్దున నేను బోలెడు నీళ్ళు తాగుతాను."

తాగింది. కూజా ఖాళీ చేసింది. మర్నాడు సమావేశం మొదలైన కాసేపటికే లేచింది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. ఆవిడ వంతెన మీద పరుగులాంటి నడక నడిచి, ఆసుపత్రి మేడెక్కి, చిట్టిని గుండెలకి హత్తుకుని, నుదురు, చేతులు, వాచిన పాదాలు తడిమి చూసుకుని, ఏడ్చి, ముక్కు చీదుకుని, "సరే, ఇక మళ్ళీ వస్తా," అని తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. గంటకి మళ్ళీ లేచింది. భోజనం ముందు మళ్ళీ. భోజనం తర్వాత మళ్ళీ.

"అమ్మా, మీకు గానీ షుగరు ఉందేమో, ఓసారి చూపించుకోండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

విచిత్రమేమిటంటే, డిపో రోజున ఆవిడ కుర్చీలో రాయిలా కూర్చునేది. ఆ రోజు మాటిమాటికీ లేచేది టైలరమ్మ. ఆవిడ బాధ ఆవిడది. దారం, లైనింగు, హుక్కులు, గుండీలు అన్నీ దొరికేది డిపో పక్క కొట్లలోనే. ఇన్ని నెలల్నుంచీ అటు ఒడ్డున ఆకుపచ్చ గౌన్లకి గులాబీ దారం, తెల్ల చొక్కాలకి నల్ల గుండీలు. అటు ఒడ్డు జనాన్ని చూస్తే చీట్ల పేకలో జోకర్లలా ఉండేవారు. ఇప్పుడు ఆవిడ వెళ్ళేటప్పుడు ఖాళీ సంచీ, వచ్చేటప్పుడు నిండు సంచీ.

ఛైర్మన్‌గారు నీళ్ళ కూజా తీయించేద్దామని చూశారు. నీళ్ళివ్వకపోవడం ఏ నిబంధనలో ఉందో చూపించమన్నారు జడ్జిగారు. ఆయనకి ఈ మధ్య ముఖంలో కళ వచ్చింది. ఈ విరామాల్లో కిటికీ దగ్గర నిలబడి పిల్లిని చూస్తున్నారు.

మొదట్లో వియ్యపురాళ్ళిద్దరూ వంతెన మీద చెరో అంచున నడిచేవారు, మధ్యలో కాపలావాళ్ళు. వారం తిరక్కుండానే ఆ కాపలావాళ్ళిద్దరూ ఒకే ఫోనులో తలలు దూర్చి ఏదో ఆట ఆడుకుంటూ వెనకబడిపోవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళిద్దరూ పక్కపక్కన మిగిలారు. ఎంతసేపని నోరు కట్టేసుకుంటారు?

"చిట్టి రాత్రి సరిగ్గా నిద్రపోలేదు," అంది టైలరమ్మ, నదితో చెప్తున్నట్టు.

"అలాగా," అంది కండక్టరమ్మ, వంతెన కమ్మీతో చెప్తున్నట్టు.

"కాళ్ళు పట్టాను. అప్పుడు పడుకుంది."

కండక్టరమ్మ నడక ఆగింది. తన కూతురి కాళ్ళు ఈవిడ పట్టిందా? ఏదో మంచి మాట అందామనుకుంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫోటోలో కూడా నా మొహం పూర్తిగా లేదు వదినగారూ. ఒకదాంట్లో చెవి, ఒకదాంట్లో మోచెయ్యి. పెళ్ళికూతురి తల్లిని నేను! ఫోటోగ్రాఫరు మీవాడు!"

"అమ్మయ్యా, ఇన్నాళ్ళకి కక్కారు! ఫోటో తీసే టైముకి మీరొక్క చోట నిలబడితే కదా వదినగారూ! హాలంతా తిరుగుతూ 'ముందుకి జరగండి, ముందుకి జరగండి' అని చుట్టాలందర్నీ తోస్తున్నారు. మా పెద్ద బావగారిని తోసేశారు. ఆయన ఇప్పటికీ మీ పేరెత్తితే నడుం పట్టుకుంటారు."

కండక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది. ఈ విషయంలో ఆవిడ ఒంటికి అభ్యాసం లేదు, ఆగలేదు. ఇద్దరూ కమ్మీ పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు తగ్గాక టైలరమ్మ ఆవిడ కనుబొమ్మ మీదున్న మచ్చకేసి చూసింది.

"అది మావాళ్ళ రాయేనా?"

"బస్సు అద్దం పగిలింది. మీ కొట్టు?"

"మీవాళ్ళ నిప్పే. మెషీను ఒక్కటి లాక్కొచ్చుకున్నాను. మా అత్తగారిచ్చిన కత్తెర పోయింది."

కింద నది తన మానాన తను పోతోంది.

"ఆ గదిలో ఈ ముక్క ఒక్కళ్ళైనా ఎత్తారా వదినగారూ?" అంది కండక్టరమ్మ. "ఎవరి గేటు, ఎవరి తాళం, ఎవరు తగ్గారు. ఇదే కదా రోజూ. కాలిన కొట్ల సంగతి లేదు. తోపుడుబళ్ళవాళ్ళు ఏం తింటున్నారన్న ఊసు లేదు."

"మనం ఎత్తుదాం."

"చెయ్యెత్తితే చూడరుగా."

"లేస్తే చూస్తారుగా!"

ఆ తర్వాత సమావేశాలు వేరే రకం. తోపుడుబళ్ళ సంగతి రాగానే ఛైర్మన్‌గారు దాటవేయబోతారు. టైలరమ్మ కుర్చీ వెనక్కి జరుపుతుంది, కుర్చీ కాళ్ళు కీచుమంటాయి. ఛైర్మన్‌గారు గబగబా ఆవిడ వైపు తిరిగి, "చెప్పండమ్మా, చెప్పండి, కూర్చుని చెప్పండి," అంటారు. అలా కీచు కీచుమంటూనే కాలిన కొట్లకి సాయం ఒప్పందంలోకి ఎక్కింది. తోపుడుబళ్ళకి వంతెనకి చెరోవైపు చోటు ఎక్కింది. గేటు సంగతి అయితే ఇక మాట్లాడే పనే లేకపోయింది, రోజూ రెండు తాళాలూ ఒకేసారి తెరుచుకుంటూనే ఉన్నాయి కదా!

చివరిరోజు వచ్చింది. అది డిపో రోజు. ఒప్పందం కాగితాలు బల్ల మీదున్నాయి. జడ్జిగారు చదువుతున్నారు. అన్నీ బాగున్నాయి. అంతలో ఆఖరి ముక్క వచ్చింది: ఇకమీదట వంతెన బాగోగులు చూడటానికి పదిమందితో శాశ్వత కమిటీ, ఇటునుంచి ఐదుగురు, అటునుంచి ఐదుగురు. పేర్లు చదివారు. పదీ మగ పేర్లే. "మహిళా సభ్యులిద్దరికీ ధన్యవాదాలు తెలుపుతూ వారిని బాధ్యతల నుంచి విముక్తులను చేయడమైనది."

"అంటే?" అంది కండక్టరమ్మ.

"అంటే ఇక మీకు శ్రమ లేదమ్మా," అన్నారు ఛైర్మన్‌గారు ఆప్యాయంగా. "చక్కటి జ్ఞాపిక కూడా చేయించాం, ఇత్తడిది."

ఆవిడ ఏదో అనబోయింది. అప్పుడే అటు కాపలావాడు తలుపు తోసుకుని వచ్చాడు, ఆయాసపడుతూ. "కండక్టరమ్మా, ఆసుపత్రినుంచి కబురు. మీ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మిమ్మల్నే పిలుస్తోంది."

ఆవిడ చటుక్కున లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా!" ప్రెసిడెంటుగారు కంగారుగా అరిచారు. "ఈరోజు డిపో రోజు. అటు వెళ్ళడానికి గేటు తీయకూడదు. ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి, సంతకాలు అయిపోతాయి. ఆ తర్వాత గేటే ఉండదు, హాయిగా వెళ్ళండి!"

చూశారా మెలిక! కూర్చుంటే పదిమంది మగవాళ్ళ కమిటీ, ఐదు నిమిషాల్లో కూతురు. కూర్చోకపోతే ఒప్పందం లేదు, గేటు తెరుచుకోదు, కూతురూ లేదు. కండక్టరమ్మ మోకాళ్ళు వంగాయి. అవును, వంగాయి, దాచడం ఎందుకు? కుర్చీకి జానెడు ఎత్తులో ఆగిపోయిందావిడ.

"ఇప్పుడు ఆవిడ కూర్చున్నట్టా, లేచినట్టా?" అని ఎవరో గుసగుసలాడారు. జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశారు.

"వదినగారూ, లేవండి," అంది టైలరమ్మ. అని, తిన్నగా అటు కాపలావాడి ముందుకెళ్ళి చెయ్యి చాపింది. "తాళం తియ్యి నాయనా."

"ఈరోజు డిపో రోజండీ…"

"నీ ప్యాంటు నడుం ఈ ఏడాదిలో ఎన్నిసార్లు వదులు చేశానో, ఇప్పుడెంతుందో అందరిముందూ చెప్పమంటావా?" మెడలో టేపు చేతిలోకి తీసుకుంది.

వాడు ఇటు కాపలావాడి వైపు ఓరగా చూశాడు, అరచేతులతో పొట్ట కప్పుకున్నాడు, బయటికెళ్ళి తాళం తీశాడు. ఇటు కాపలావాణ్ణి ఎవరూ అడగలేదు. వాడే తీసేశాడు.

వియ్యపురాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని వంతెన మీద పరుగు. గదిలో పదిమంది మగవాళ్ళు, పది పెన్నులు, ఒక్క చెల్లని నిమిషం.

"ఇప్పుడెలా?" అన్నారు ఛైర్మన్‌గారు, ఏడుపు గొంతుతో.

జడ్జిగారు సంతకాలున్న నిబంధనల కాగితం తీసి మళ్ళీ చదివారు. "వారు కుర్చీలో ఉండాలని రాశాం. కుర్చీ ఎక్కడ ఉండాలో రాయలేదు."

ఆ దృశ్యం మీరు చూసి ఉండాల్సింది! ముందు జడ్జిగారు ఫైలుతో, వెనక ఛైర్మన్‌గారి నెత్తిన ఒక కుర్చీ, ప్రెసిడెంటుగారి నెత్తిన ఇంకో కుర్చీ, ఆ వెనక ఎనిమిది మంది బల్లని మోస్తూ. ఇటు ఒడ్డు జనం చూశారు. మన ఛైర్మనే కుర్చీతో సహా అటు వెళ్ళిపోతున్నాడంటే గేటు తెరిచేసినట్టే కదా! వాళ్ళూ బయల్దేరారు. అటు ఒడ్డు జనం వీళ్ళకి ఎదురొచ్చారు. మధ్యలో కలుసుకుని, ఏం చేయాలో తెలియక, మొహమాటంగా ఒకళ్ళ క్షేమసమాచారాలు ఒకళ్ళు అడిగారు. డ్రైవరు ఖాళీ బస్సుని గేటు దాటించేశాడు, కండక్టరు లేకుండానే.

ఆసుపత్రి వరండాలో నర్సు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "పేషెంటుకి ఒక్కరే అటెండెంటు! ఈ బల్లేంటి? మీరంతా ఎవరు?"

"మేం శాంతి చర్చలమ్మా," అన్నారు ఛైర్మన్‌గారు కుర్చీ కింద నుంచి.

"అయితే శాంతిగా ఉండండి!" అని గోడ మీద బోర్డు చూపించింది.

కాన్పు గది తలుపు ఓరగా ఉంది. కండక్టరమ్మ లోపల ఒక కుర్చీలో, కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. గడప దగ్గర టైలరమ్మ ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపి కాపలా. జడ్జిగారు గొంతు సవరించుకుని, తలుపుకి వీపు పెట్టి, చదవడం మొదలుపెట్టారు. "కమిటీలో పదిమంది పురుష సభ్యులు…"

"వద్దూ! నా వల్ల కాదూ!" లోపల్నుంచి చిట్టి కేక.

జడ్జిగారు పెన్ను తీశారు. "అభ్యంతరం నమోదు చేసుకోమంటారా?"

"అది అభ్యంతరం కాదు మహాప్రభో, అది నొప్పి!" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నాకు రెండూ ఒకలాగే వినిపించాయి."

చిట్టి పళ్ళు బిగపట్టి తల్లి చేయి గిల్లింది. "అమ్మా, నువ్వు ముందు బయటికెళ్ళి అదేదో తేల్చిరా! ఈ నొప్పుల కంటే వాళ్ళ గోల ఎక్కువగా ఉంది!"

కండక్టరమ్మ లేవలేదు. కుర్చీని తలుపు దాకా జరుపుకుని, సందులోంచి తల మాత్రం బయటపెట్టింది. జుట్టు రేగిపోయి ఉంది. "కమిటీలో ఆడవాళ్ళెంతమంది?"

"ఒకరు," అన్నారు ఛైర్మన్‌గారు.

"ముందుకి జరగండి."

"ఇద్దరు."

"ఇంకా ముందుకి. లోపల బోలెడు ఖాళీ ఉంది."

"ముగ్గురమ్మా, పెద్ద మనసు చేసుకుని…"

లోపల్నుంచి మళ్ళీ కేక. ప్రెసిడెంటుగారు గోడకి అంటుకుపోయారు. ఆయనకి నలుగురు పిల్లలున్నారు, ఒక్క కాన్పుకీ ఇంత దగ్గరకి రాలేదు. చెమటలు పట్టేశాయి. "నలుగురు! కాదు, ఐదుగురు! సగం సగం! రాసేయండి సార్, నాకు కళ్ళు తిరుగుతున్నాయి!"

"రైట్ రైట్," అంది కండక్టరమ్మ, తల లోపలికి లాక్కుంటూ.

సంతకాలు పెడుతుండగానే లోపల ఇంకో గొంతు లేచింది. చిన్నదే కానీ గట్టిది. మగపిల్లాడు. ఆపకుండా, ఎవరి మాటా వినకుండా, ముఖం ఎర్రగా చేసుకుని ఒకటే అరుపు. టైలరమ్మ తొంగి చూసి, "అచ్చం మీ ఛైర్మన్ పోలికే వదినగారూ," అంది.

అలా గేటు పోయింది. కమిటీ వచ్చింది. కమిటీ మొదటి తీర్మానం ఏంటో వేరే చెప్పాలా? టోల్ ఆఫీసులో తలుపున్న, గొళ్ళెమున్న, నీళ్ళొచ్చే ఆడవాళ్ళ మరుగుదొడ్డి.

కానీ అసలు సంగతి ఇప్పుడు. వారం తర్వాత వంతెన ప్రారంభోత్సవం పెట్టారు. కెమెరాలు మళ్ళీ వచ్చాయి. గేటున్న చోట ఎర్ర రిబ్బను కట్టారు. చిట్టి పిల్లాణ్ణి ఎత్తుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. రిబ్బనుకి ఇటు ఛైర్మన్‌గారు, అటు ప్రెసిడెంటుగారు, ఇద్దరూ కొత్త చొక్కాల్లో. వియ్యపురాళ్ళని మర్యాదగా వేదిక మీదకి పిలిచి, చేతుల్లో ఒక వెండి పళ్ళెం పెట్టారు. ఇద్దరూ చెరోవైపు పట్టుకోవాలట. పళ్ళెంలో పువ్వులు. పువ్వుల మధ్య తళతళలాడుతూ ఒక కత్తెర. పళ్ళెం ఆడవాళ్ళు అందిస్తారు, కత్తెర మగవాళ్ళు తీసుకుంటారు, ఫోటో.

ఫోటోగ్రాఫరు కన్ను మూసి, కెమెరాలోంచి చూసి, చెయ్యి ఊపాడు. "అమ్మా, మీరిద్దరూ కొంచెం పక్కకి జరగండి. పెద్దవాళ్ళకి అడ్డం వస్తున్నారు. పళ్ళెం కనిపిస్తే చాలు."

కండక్టరమ్మ కాళ్ళు అలవాటు ప్రకారం పక్కకి కదలబోయాయి. ఆగాయి. ఆవిడ టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ కత్తెర వైపు చూస్తోంది. మంచి కత్తెర, పెద్దది, చేతికి సరిగ్గా సరిపోయేలా ఉంది. కాలిపోయినదాని లాంటిదే. ముందు వరసలో పిల్లాడు ఏడుపు ఆపేశాడు. ఛైర్మన్‌గారు చెయ్యి చాపారు.

మీరైతే ఏం చేసేవారు? పళ్ళెం అందించేవారా?